మూడొందల యూనిట్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన వీరాంజనేయులు కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మార్చి నెలలో నా ముక్కు మీద కూర్చున్నది కోపం కాదు, భయం. ఆ రెంటికీ తేడా నాకే తెలియలేదు, ఇక ఇంట్లోవాళ్లకేం తెలుస్తుంది.

ఆ భయం సచివాలయంలో పట్టుకుంది. మా అమ్మాయి కీర్తికి ఏదో సర్టిఫికెట్టు కావాలంటే వెళ్లాను. అక్కడ పనిచేసే సౌందర్య మాకు బాగా తెలుసు. ప్రతినెలా ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికొచ్చి, మా అత్త కోటమ్మ చేత వేలిముద్ర వేయించుకుని పింఛను చేతిలో పెట్టి వెళ్లేది ఆ పిల్లే. ఆ రోజు నా కాగితం చూస్తూ చూస్తూ కంప్యూటరు దగ్గర ఆగిపోయింది. మీ మీటరు మీద కరెంటు బాగా కాలుతోంది అక్కా, చూసుకోండి అంది. కరెంటు బిల్లు కట్టేది మేమే కదా, నీకెందుకమ్మా అన్నట్టు చూశాను.

అప్పుడు విడమరిచి చెప్పింది. ఆరు నెలల సగటు తీస్తే నెలకు మూడొందల యూనిట్లు దాటకూడదట. దాటితే ఆ ఇంట్లో పింఛను ఆగిపోతుందట. ఇల్లు సొంతమా, అద్దెదా అని కంప్యూటరు అడగదు. ఏ మీటరు నంబరుకు ఎవరి ఆధార్ కలిపి ఉంటే ఆ మీటరు వాళ్లదే. మేం ఆ ఇంట్లో దిగిన కొత్తలోనే మా పేర్లు పై వాటా మీటరుకు కలిపేశారు.

"ఐదు నెలల సగటు రెండొందల తొంభై ఆరు ఉందక్కా. ఈ నెల మూడొందల ఇరవై దాటిందా, సగటు మూడొందలు దాటిపోద్ది. ఆ తర్వాత నా చేతుల్లో ఏం ఉండదు," అంది సౌందర్య.

ఇంటికొచ్చేదాకా ఆ మూడొందల ఇరవై నా చెవిలో మోగుతూనే ఉంది.

మా అత్త సంగతి చెప్పాలి. ఆమె నలభై ఏళ్లు మిరపకోతలకు పోయిన మనిషి. పింఛను మొదటిసారి చేతికొచ్చిన రోజున చేను మానేసింది. కొడుకు కూడు తినడంలో సిగ్గు లేదంటుంది, మాత్రలకు కోడలి ముందు చెయ్యి చాపడం మాత్రం తన వల్ల కాదంటుంది. ఆ డబ్బుతోనే మోకాళ్ల మాత్రలు, కంట్లో చుక్కలు, కీర్తికి బిస్కెట్లు. కిందటి దీపావళికి కుడికన్ను ఆపరేషనైంది. మోకాళ్లు ఎంత అరిగాయంటే, లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి. పింఛను ఆగితే ఏం చేస్తావత్తా అని ఒకసారి మాటవరసకు అడిగాను. రేపు సంతకు పోతానన్నంత మామూలుగా, "కోతకు పోతా," అంది. ఆ మాట అన్నాక ఆమె చేయకుండా ఉండదు. అదీ నా భయం.

మేం గురజాలలో సుబ్బరత్నం పిన్ని ఇంట్లో పై వాటాలో ఉంటాం. పిన్ని అంటే చుట్టరికం కాదు, పిలుపు. భర్త అమరేశ్వరరావు ఆ ఇల్లు కట్టించి, రంగు వేయించకముందే పోయాడు. ఆమె కింది వాటాలో దోసెల పిండి రుబ్బి, కిలో ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. గ్రైండరు, రెండు ఫ్రిజ్జులు, తనూ. మెట్ల కింద రెండు మీటర్లు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఆమెది, ఒకటి మాది. వాటి పక్కనే బోరు మోటారు స్టార్టరు. రోజూ పొద్దున పిన్నే మోటారు వేసి, మిద్దె మీద ట్యాంకు నింపుతుంది.

ఇంట్లో దిగేటప్పుడు అద్దె దగ్గర నేను గంటసేపు బేరమాడాను. ఆమె చెప్పిన దాంట్లో ఐదొందలు తగ్గించాక గానీ వదల్లేదు. పైగా, నీళ్లకు పైసా తీసుకోనని ఆమే అంది. ఈ వీధిలో నీళ్లు ఫ్రీగా ఇచ్చే ఓనరు నేనొక్కదాన్నేనని పిండికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది. మూడేళ్లుగా ఆమె అది చెప్పుకుంటోంది, నేను నా ఐదొందల బేరం చెప్పుకుంటున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని నాకు గుర్తు లేకపోయింది.

సచివాలయం నుంచి వచ్చిన రోజే మీటరు చూశాను. ఆరో తారీఖు రీడింగు నుంచి అప్పటికి పద్నాలుగు రోజుల్లో నూట యాభై ఎనిమిది యూనిట్లు కాలాయి. ఇంకా పదహారు రోజులుంది. ఇదే లెక్కన పోతే మూడొందల ఇరవై ఎక్కడో వెనక ఉండిపోతుంది.

ఇక ఇంట్లో నా దొరతనం మొదలైంది. టీవీ ప్లగ్గు పీకేశాను. నేను బ్లౌజులు కుడతాను, మిషనుకున్న మోటారు తీసేసి కాళ్లతో తొక్కాను. ఇస్త్రీ పెట్టె అటక మీదికి పోయింది. కూర ఏ పూటకాపూట వండి, ఫ్రిజ్జు కట్టేశాను. కీర్తి పరీక్షలకు చదువుకుంటుంటే పిట్టగోడ మీద కూర్చుని వెలుతురున్నప్పుడే చదవమన్నాను. మా ఆయన దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, తుడుచుకోవడానికి తువ్వాలు కూడా తీసుకోకుండా ఫ్యాను కింద నిలబడితే, రెండు నిమిషాలు లెక్కపెట్టి ఆపేశాను. ఆయన చొక్కా విప్పి మిద్దె మీదికి పోయాడు.

ఇంత చేసినా పొద్దున్నే పోయి చూస్తే పది యూనిట్లు, పదకొండు యూనిట్లు. నాకు నిద్ర పోయింది, తిండి పోయింది. రోజుకు పదిసార్లు మెట్లు దిగి మీటరు చూసి వచ్చేదాన్ని. జ్వరమొచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టు ఆ డబ్బా మీద చెయ్యి వేసి చూసేదాన్ని.

ఎవరో దొంగతనంగా వాడుతున్నారని మనసులో పడింది. పగలంతా ఇంట్లో ఉండేది అత్తే. ఒక మధ్యాహ్నం నేను గుండీలు కొనుక్కుని వచ్చేసరికి ఆమె గదిలో ఫ్యాను తిరుగుతోంది. కిందటి రాత్రి ఆమె నిద్రపోలేదని, తల తిరుగుతోందని నాకు తెలుసు. తెలిసి కూడా అన్నాను.

"నీ పింఛను ఇంకెవరూ తినట్లా అత్తా. నీ ఫ్యానే తింటా ఉంది."

ఆమె లేచి, గోడ పట్టుకుని నడిచి, ఫ్యాను తనే కట్టేసింది. మళ్లీ వచ్చి మంచం మీద కూర్చుని అట్టముక్కతో విసురుకుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. నేను దుత్త మీద చూపాల్సింది అత్త మీద చూపాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

మర్నాడు పొద్దున నాకొక ఆలోచన వచ్చింది. మా వాటాలో మెయిను మొత్తం కట్టేసి కిందికి దిగాను. అంతా ఆపేశాక మీటరు మీద ఎర్రలైటు ఆరిపోయి ఉండాలి. కానీ అది ఆరలేదు. గబగబా కన్ను కొడుతూనే ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే పిన్ని వచ్చి, ట్యాంకు నిండిందని స్టార్టరు ఎర్ర బటను నొక్కింది. మోటారు చప్పుడు ఆగింది. నా మీటరు మీద లైటూ ఆగింది.

బోరు మోటారు నా మీటరు మీద తిరుగుతోంది. మూడేళ్లుగా.

"నీళ్లు ఫ్రీ అన్నావు గదా పిన్నీ," అన్నాను.

కాదంటుందనుకున్నాను. తెలియదంటుందనుకున్నాను. ఆమె చేతికంటిన పిండిని కొంగుతో తుడుచుకుంటూ, "అవును, నీ మీటరు మీదే ఉంది. అద్దె ఐదొందలు ఎందుకు తగ్గించాననుకున్నావే? నీ నోరు చూసి భయపడా?" అంది.

ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇంకా గట్టిది. మాకు ముందు మోటారు ఆమె మీటరు మీదే ఉండేదట. గ్రైండరు, ఫ్రిజ్జులు, మోటారు కలిసి మూడొందలు దాటి, ఆమె వితంతు పింఛను ఏడు నెలలు ఆగిపోయింది. సచివాలయం చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఎలక్ట్రీషియను దేవదాసును పిలిచి మోటారు తీగను పై మీటరుకు మార్పించింది. అప్పుడు పైన ఉన్నది బ్యాంకులో పనిచేసే ఆయన, ఆయనకు పోయే పింఛనూ లేదు, రేషనూ లేదు. బదులుగా అద్దె ఐదొందలు తగ్గిస్తే ఆయన సరేనన్నాడు. ఆయన బదిలీ అయి వెళ్లాక మేం దిగాం. అద్దె తగ్గించమని నేనే గంటసేపు పోరాను, ఎటూ తగ్గించేదే కదా అని ఆమె తగ్గించింది. మా ఇంట్లో పింఛను తీసుకునే మనిషి ఉందన్న సంగతి మాత్రం తీగ దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు.

"రాలేదా, రానియ్యలేదా?" అన్నాను.

ఆమె అప్పటికే తుడుచుకున్న చేతులనే మళ్లీ కొంగుకు తుడుచుకుంది.

తీగ ఇవాళే మార్పించమన్నాను. మార్పించనంది. నా గొంతు లేచింది, ఆమె గొంతు అంతకన్నా లేచింది. గేటు దగ్గర పిండికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వింటూ నిలబడ్డారు. నీళ్లు ఫ్రీ అని ఆమె చెప్పుకున్న గొప్పంతా వాళ్ల ముందే కడిగేశాను.

"మా అత్త పింఛను పోతే ఆమె ఏం కావాలి పిన్నీ?"

"నాది పోతే నేనేం కావాలే? నాకు కొడుకూ లేడు, కోడలూ లేదు. నీ అత్తకు నువ్వన్నా ఉన్నావు."

జవాబు లేనప్పుడు మనిషి ఏం చేస్తుందో నేనూ అదే చేశాను. ఇక మీదట నా మీటరు మీద మోటారు వేస్తే స్టార్టరు పగలగొడతానన్నాను. నేను వెయ్యను, నీకు కావాలంటే నువ్వే వేసుకో అని ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

తిరిగి చూస్తే అత్త మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక్కో మెట్టు దిగుతూ ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. నేను ఏదో అనబోయాను. ఆమె గోడ పట్టుకుని లేచి, మళ్లీ ఒక్కో మెట్టూ ఎక్కి పైకి పోయింది.

ఆ రోజు మళ్లీ మోటారు ఎవరూ వేయలేదు. సాయంత్రానికి కుళాయి సన్నబడింది. పొద్దున లేచేసరికి ట్యాంకులో చుక్క లేదు. వీధి కుళాయికి వంతు కాదు. పిన్ని టిన్ను నీళ్లు కొని తెప్పించుకుని పప్పు నానబోసింది. నేను పక్కింట్లో రెండు బిందెలు అడిగి తెచ్చుకున్నాను. కోపానికి నీళ్లక్కర్లేదు గాని, వంటకు కావాలి.

అత్త మంచం మీద లేదు. మామూలుగా పొద్దున్నే ఎదురింటి అరుగు మీద కాసేపు కూర్చుని వస్తుంది. అక్కడే ఉందనుకున్నాను. కీర్తిని పరీక్షకు పంపి, ఎనిమిదైనా అత్త రాకపోతే పిలుచుకొద్దామని చెప్పుల కోసం తలుపు వెనక్కి వెళ్లాను. అక్కడ మేకుకు మా ఆయన పాత ఫ్యాక్టరీ చొక్కా ఒకటి వేలాడుతుండేది. ఆ మేకు ఖాళీగా ఉంది.

ఈ ప్రాంతంలో పుట్టిన ఏ ఆడదానికైనా ఆ ఖాళీ మేకు అర్థం తెలుస్తుంది. ఎండ తగలకుండా, చెట్టు గీరుకోకుండా, కోతకు పోయేవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు.

మా వీధి నుంచి ఏసుబాబు ముఠా రోజూ తెల్లవారకముందే ఆటోలో కోతకు పోతుంది. పరుగెత్తుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. దాచేపల్లి వైపు ఏదో చేనన్నారు, ఏ చేనో ఇంట్లోవాళ్లకు తెలియదు. ఏసుబాబు ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. మా ఆయన ఫోను షిఫ్టు అయ్యేదాకా గేటు దగ్గరే ఉంటుంది. ఇంక ఎవరికి చెప్పుకోను? తిరిగొచ్చి, ముందు రోజు తిట్టిన నోటితోనే పిన్ని తలుపు కొట్టాను.

విషయం వినగానే ఆమె గ్రైండరు ఆపేసింది.

"వదిన మోకాళ్లతోనా? ఆ కన్నుతోనా?" అంది.

ఆమె ఫోనులో పిండి కొనేవాళ్ల నంబర్లన్నీ ఉంటాయి. ఒక్కొక్కరికీ చేసి, ముఠా ఎటు పోయిందో కనుక్కోమంది. ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఆటో మాట్లాడుకుని పోదామంటే ఎన్ని చేలని వెతుకుతాం, ఈలోగా వాళ్ల ఆటో ఇటు వచ్చేస్తే? ఇద్దరం గేటు దగ్గర రెండు స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. అన్నం తినలేదు. పదకొండు, పన్నెండు, ఒంటిగంట. సిమెంటు రోడ్డు మీద ఎండ చూస్తుంటేనే కళ్లు మండుతున్నాయి. అత్త చెట్టు మొదట్లో పడిపోయి ఉంటుందని ఒకసారి, నీళ్లు కూడా అడగకుండా కోస్తూనే ఉంటుందని ఒకసారి అనుకున్నాను. రెండోదే నిజమై ఉంటుందని నాకు తెలుసు. ఏ ఆటో చప్పుడైనా ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం.

నాలుగున్నరకు ఆటో వచ్చింది. ఇద్దరు కూలీలు అత్తను పట్టుకుని దించారు. మొహం కందిపోయింది. చేతులు రెండూ ఒంటికి దూరంగా చాపి పట్టుకుంది, అవి తనవి కానట్టు. ఆరేళ్లు కోత మానేసిన చేతులు, మెత్తబడిపోయిన చేతులు. వేళ్లకు గుడ్డ కూడా చుట్టుకోలేదు. కుడికన్ను గట్టిగా మూసుకుని ఉంది, దాంట్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చెమట పడితే మరిచిపోయి అదే చేత్తో తుడుచుకుందట. ఆపరేషనైన కన్ను.

నేను కుళాయి దగ్గరకు పరుగెత్తి తిప్పాను. గాలి బుస్సుమంది. పైకి వెళ్లి బిందెలు చూశాను, ఖాళీ. పిన్ని లోపల టిన్ను ఎత్తి చూసింది, చివరి నీళ్లు పొద్దున్నే గ్రైండరులో పోసేసి ఉంది. మిరపకాయ మంటతో ఒక ముసలామె వాకిట్లో నిలబడి ఉంటే, ఇంటి మొత్తంలో కంట్లో చల్లడానికి దోసెడు నీళ్లు లేవు. నా వల్లా, పిన్ని వల్లా.

ఇద్దరం ఒకేసారి మెట్ల కిందికి చేరాం. పచ్చ బటను మీద నా వేలు ముందు పడింది, నా వేలి మీద ఆమె వేలు పడింది.

మోటారు మూలిగింది. స్టార్టరు పక్కనే బోరు గొట్టానికి నేరుగా ఒక కుళాయి ఉంది. అది దగ్గింది, గాలి కక్కింది, ఎర్రటి నీళ్లు నాలుగు చుక్కలు చిమ్మింది, ఆ తర్వాత ధార పడింది. అత్త తల నా ఒళ్లో పెట్టుకుని కంట్లో నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఎంతసేపు పోశానో తెలియదు. కన్ను నిప్పులా ఎర్రబడింది గాని, కాసేపటికి తెరిచింది.

"కనపడతా ఉందా అత్తా?"

"నీ మొహమే కనపడతా ఉంది. ఇంకా కోపంగానే ఉంది," అంది.

నాకు ఏడుపు ఆగలేదు.

కానీ చేతుల మంట నీళ్లకు తగ్గేది కాదు, తడి తగిలితే ఇంకా ఎక్కువైంది. అంతసేపూ నోరు మెదపని మనిషి అప్పుడు పళ్లు బిగబట్టి మూలిగింది. పిన్ని లోపలికి పోయి, ఫ్రిజ్జులోంచి పెద్ద స్టీలు బేసిను మోసుకొచ్చింది. సాయంత్రం ప్యాకెట్లకు సిద్ధం చేసిన పిండి, పులిసి చల్లగా ఉంది. వాకిట్లో దించి, అత్త రెండు చేతులూ మణికట్ల దాకా అందులో ముంచేసింది.

"పిన్నీ, అమ్మాల్సిన పిండి," అన్నాను.

"పట్టుకో ఆ చెయ్యి. లాగేసుకుంటది," అంది పిన్ని.

ఒక చెయ్యి నేను పట్టుకున్నాను, ఒకటి ఆమె. మంట పిండిలోకి దిగుతున్నట్టు అత్త మొహం కొంచెం కొంచెం వదులైంది. గేటు దగ్గర ఎవరో గిన్నెతో వచ్చారు, ఇవాళ పిండి లేదని పిన్ని తల తిప్పకుండానే చెప్పి పంపేసింది. ఆ తర్వాత, నా వైపు చూడకుండా అంది.

"రేపు దేవదాసును పిలిపిస్తా. మోటారును అటూ ఇటూ తిప్పుకునే పిడి పెట్టమంటా. ఒక నెల నీ మీటరు, ఒక నెల నాది. రేపటి నుంచే నా వంతు."

"నీ సగటు దాటితే?"

"అంచు మీద ఉంటది. ఒక ఫ్రిజ్జు కట్టేస్తా. పిండి సగమే రుబ్బుతా." ఆగి, "చూద్దాం," అంది. ఆ చూద్దాంలో నేను ఇన్ని రోజులుగా మోస్తున్న భయమే ఉంది. ఇప్పుడు అందులో సగం ఆమె ఎత్తుకుంది. ఆ ఐదొందల్లో సగం నేను అద్దెకు కలుపుతానన్నాను. ఆమె వద్దనలేదు.

అత్త ఇదంతా వింటున్నట్టు లేదు. చెవి మెట్ల వైపు పెట్టి ఉంది.

"మోటారు కట్టెయ్యండే," అంది. "మీటరు తిరగతా ఉంది."

"ట్యాంకు నిండనీ వదినా," అంది పిన్ని.

మెట్ల కింద నా మీటరు మీద ఎర్రలైటు గబగబా కన్ను కొడుతూనే ఉంది. చూడకూడదనుకున్నాను, చూస్తూనే ఉన్నాను. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.